రిబ్బను కట్టిన కొళాయి

బోడిగుట్టపల్లెలో ట్యాంకు నిండా నీళ్ళున్నాయి, ఊరంతా దప్పికతో ఉంది. చెబితే నమ్మబుద్ధి కాదు గాని అక్కడివాళ్ళకు అందులో వింతేమీ కనబడలేదు. బడి పక్కన కొత్తగా కట్టిన ఓవర్‌హెడ్ ట్యాంకు, దాని కింద సిమెంటు దిమ్మ, దిమ్మకు వరసగా కొళాయిలు, ఒక్కో కొళాయి మెడకు ఒక గులాబీ రంగు రిబ్బను. ఆ రిబ్బన్లు సార్ కత్తిరించాలి. కత్తిరించేదాకా చుక్క రాలకూడదు. సార్‌కేమో తీరిక లేదు.

సార్ అంటే ఏ సారని అడక్కండి. ఆ చుట్టుపక్కల పదవులు మారుతుంటాయి, పార్టీలు మారుతుంటాయి, ఫ్లెక్సీల మీద రంగులు మారుతుంటాయి, సార్ అన్న పిలుపు మాత్రం మారదు. మొదటిసారి ఉగాదికి ముందు వస్తానన్నాడు. విజయవాడలో ఏదో మీటింగు పడిందని రాలేదు. రెండోసారి వచ్చేవాడే, శిలాఫలకం మీద తన పేరు కింద ఉండాల్సిన ఇంకో నాయకుడి పేరు తన పక్కన చెక్కారని అలిగాడు. ఆ రాయి మళ్ళీ మార్కాపురం పోయి, కొత్త రాయి చెక్కించుకొని వచ్చేసరికి ఎండలు ముదిరి ఊళ్ళో బోర్లు ఒకటొకటే గాలి కక్కడం మొదలుపెట్టాయి. మిగిలిన ఒక్క చేతిపంపులో వచ్చేది ఫ్లోరైడు నీళ్ళు. అవి తాగితాగి ముసలివాళ్ళకు మోకాళ్ళు బిగుసుకుపోయాయి. ఇక దిక్కు టాంకరే. అది వచ్చిననాడు వస్తుంది, రాననుకుంటే రాదు.

ఆ రిబ్బను చూసినప్పుడల్లా కిందిపేట కరుణమ్మకు ఒళ్ళు మండిపోయేది. మిగతావాళ్ళకూ మండేది గాని ఆమె మంటకు వేరే కారణం ఉంది. ఆమెకు బ్లెస్సీ ఒక్కతే కూతురు, గిద్దలూరులో ఇచ్చారు. ఇప్పుడు తొలి కాన్పు. నెలలు నిండాయి. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని ఎవరూ చట్టం చెయ్యలేదు, చేసిన చట్టాలు ఎవరూ పట్టించుకోకపోయినా ఈ చెయ్యని చట్టాన్ని మాత్రం అందరూ పాటిస్తారు.

వియ్యపురాలు ఎలీషబా చెడ్డమనిషేమీ కాదు. కాకపోతే పోయిన ఎండాకాలం ఈ ఊరికి చుట్టపుచూపుగా వచ్చి, టాంకరు దగ్గర ఆడవాళ్ళు గొంతులు చించుకోవడం కళ్ళారా చూసి పోయింది. మొన్న ఫోన్ చేసి మెల్లగా చెప్పింది.

"తప్పుగా అనుకోబాక వదినా. పచ్చి బాలింతకు, పసిగుడ్డుకు ఎన్ని నీళ్ళు కావాల్నో నీకు నేను చెప్పేదేంది. ఈ ఆదివారం లోపల మీ ఊళ్ళో కొళాయి వస్తే పిల్లను నేనే తోలకొస్తా. రాకుంటే కాన్పు ఈడనే చేపిస్తా. నువ్వే వచ్చి నాలుగు దినాలు ఉండిపో."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కరుణమ్మను బాధపెట్టింది కూడా అదే. వియ్యపురాలు పెడసరంగా మాట్లాడి ఉంటే నాలుగు మాటలు అని మనసు తేలిక చేసుకునేది. తర్వాత బ్లెస్సీ ఫోన్ అందుకొని గొంతు తగ్గించి, "మా, నాకు భయమైతాంది. నీ కాడుంటే ధైర్యంగా ఉంటాది" అంది. "వస్తావు లేమ్మా, నేను లేనా" అని ఫోన్ పెట్టేసి కరుణమ్మ గోడకు చేరగిలబడి ఏడ్చింది. ఏడవడం అయ్యాక ముక్కు చీదుకొని లేచి, కూతురు పడుకోబోయే మంచానికి నులక బిగించడం మొదలుపెట్టింది.

అది చూసి మొగుడు యోసేపు, "పైవాడు చూసుకుంటాడు లే" అన్నాడు. ఆయన నెమ్మదస్తుడు, ఏ గొడవలోనూ తలదూర్చడు.

"పైవాడు చెయ్యాల్సింది చేసినాడు. ట్యాంకు నిండింది. తిప్పాల్సింది కిందోళ్ళు" అంది కరుణమ్మ నులక లాగుతూ.

శుక్రవారం సాయంత్రం నరేష్ వచ్చాడు. పైవీధి సరస్వతమ్మ కొడుకు. డిగ్రీ చదివాడు, ఉద్యోగం రాలేదు, సార్ వెనక తిరుగుతున్నాడు. తెల్ల చొక్కా, చేతిలో ఎప్పుడూ మోగుతుండే ఫోన్. సరస్వతమ్మ పొలంలో కరుణమ్మ ఏళ్ళ తరబడి మిరపకాయ కోసింది. ఆమెను వదినా అని పిలుస్తుంది కాబట్టి నరేష్‌కు ఈమె అత్త అయింది.

"అత్తా, రేపు సార్ ఖాయంగా వస్తాండాడు. ఇంటికొక బిందె తేవాల. మెరిసేటిది తెండి. ఆడోళ్ళంతా బిందెలు వరసగా పెట్టి నిలబడితే ఫోటో అదిరిపోవాల."

"ఖాయమేనా, మళ్ళీ రాయి మీద పేరు వంకరపోయిందంటాడా?"

"ఈసారి ఖాయం అత్తా. నన్ను నమ్ము."

"సరే, తెస్తా" అంది కరుణమ్మ.

నరేష్ ఇల్లిల్లూ తిరిగి అదే మాట చెప్పాడు. పాపం, అక్కడే బోల్తా పడ్డాడు. ఎందుకంటే ఆ ఊళ్ళో బిందెకు ఒక మర్యాద ఉంది. టాంకరు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, కూలికి పోయేవాళ్ళు పొద్దంతా రోడ్డు మీద నిలబడలేరు. అందుకని బిందెను వరసలో పెట్టి పనికి పోతారు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క. దాన్ని ఇంకొకరు జరపరు, దాటరు, తాగి వచ్చినవాడు సైతం చుట్టూ తిరిగి పోతాడు. పైవీధి వాళ్ళకూ కిందిపేట వాళ్ళకూ మిగతా చోట్ల ఎన్ని తేడాలున్నా ఆ వరసలో మాత్రం ముందు పెట్టినవాళ్ళదే ముందు. ఇంకొకటి, వరసలో పెట్టిన బిందెను నింపుకునే తీసుకుపోవాలి, ఖాళీగా ఎత్తకూడదు. ఒకసారి ఎత్తుకుపోయి మళ్ళీ వచ్చి నా చోటు ఇదేనని తగాదా పడకుండా పెద్దలు ఎప్పుడో పెట్టిన కట్టు అది. పైవీధిలో దానికి అపశకునం అని కూడా కలిపారు. కిందిపేట వాళ్ళు శకునాలు నమ్మమంటారు గాని ఖాళీ బిందె మాత్రం వాళ్ళూ ఎత్తరు.

ఇదంతా నరేష్ పుట్టినప్పటి నుంచి చూసినదే. కాని ఫోటో ధ్యాసలో పడి, తెచ్చిన బిందెలు తిరిగి ఇళ్ళకు ఎట్లా పోతాయన్నది అతనికి తట్టలేదు.

శనివారం తెల్లవారేసరికి షామియానా లేచింది. ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి, మైకు వచ్చింది, సార్ నవ్వుతున్న ఫ్లెక్సీ ట్యాంకుకు అడ్డంగా వచ్చింది. కరుణమ్మ తన పెళ్ళినాటి ఇత్తడి బిందెను చింతపండు పెట్టి తోమి తెచ్చి మొదటి కొళాయి కింద పెట్టింది. దాని వెనక సరస్వతమ్మది స్టీలు బిందె. ఆ వెనక ఊరు ఊరంతా వచ్చి పెట్టింది. వరస దిమ్మ దగ్గర మొదలై బడి గోడ దాటి, తారురోడ్డుకు అడ్డంగా పడి అవతలి పక్కకు పోయింది. నరేష్ గోడెక్కి ఫోటో తీసుకొని మురిసిపోయాడు.

ఇక ఎదురుచూపులు. సార్ బయల్దేరాడన్నారు. మార్కాపురంలో టిఫిన్ చేస్తున్నాడన్నారు. వచ్చేస్తున్నాడు, పెద్దారవీడు దాటేశాడన్నారు. కాసేపటికి, దాటింది ఆయన కారు కాదు, వేరే కారు అన్నారు. మైకులో అవే పాటలు తిరిగి తిరిగి వస్తున్నాయి. ఎండ నెత్తికెక్కింది. పిల్లలు నీళ్ళకు ఏడుస్తున్నారు. సరస్వతమ్మకు కళ్ళు తిరిగి బడి గోడ నీడన కూలబడితే కరుణమ్మ కొంగుతో విసిరింది. వాళ్ళ తలల మీదనే ట్యాంకు నిండుగా ఉంది. నిండి పొర్లిన నీళ్ళు పక్క గొట్టంలోంచి కారి కంపచెట్ల మొదట్లోకి ఇంకిపోతున్నాయి. కంపచెట్లకు రిబ్బను అక్కర్లేదు. ఆ తడి నేలను చూస్తూ కూర్చున్న కరుణమ్మకు ఆకలి పోయింది, దప్పిక పోయింది, కోపం ఒక్కటే మిగిలింది.

మధ్యాహ్నం దాటాక నరేష్ ఫోన్ మోగింది. మాట్లాడుతుంటేనే అతని ముఖం వాడిపోయింది. మైకు తీసుకొని ఎవరి వంకా చూడకుండా చెప్పాడు.

"సార్‌కు అర్జంటుగా ఒక పెండ్లికి పోవాల్సి వచ్చిందంట. వచ్చే వారం చూస్తామన్నారు. అందరూ బిందెలు తీసుకొని ఇండ్లకు పొండి."

ఎవరూ కదల్లేదు. కుర్చీలు అద్దెకిచ్చినవాళ్ళు కుర్చీలు ట్రాక్టరుకు ఎత్తుకున్నారు గాని ట్రాక్టరు బయటికి పోవడానికి దారి లేదు, దారి నిండా బిందెలున్నాయి. అటు నుంచి ఆర్టీసీ బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు ఒకసారి హారన్ కొట్టి, బిందెల వరస చూసి, ఇంజను ఆపేసి కిందికి దిగాడు. అతనిదీ ఈ పక్క ఊరే.

నరేష్ చెమటలు కక్కుకుంటూ కరుణమ్మ దగ్గరకు వచ్చాడు. "అత్తా, నువ్వు ముందు ఉన్నావు. నువ్వు తీస్తే అందరూ తీస్తారు."

"వరసలో పెట్టిన బిందెను ఖాళీగా ఎత్తుకపోయినోళ్ళను ఎప్పుడన్నా చూసినావా నాయనా? నువ్వే గదా తెమ్మన్యావు."

అతనికి అప్పటికి గాని తను చేసిన పని తెలిసిరాలేదు. ఏం చెయ్యాలో తోచక, ట్రాక్టరుకు దారిద్దామని వంగి రెండో బిందె మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్యరా" అంది సరస్వతమ్మ గోడ నీడ నుంచి. అది ఆమె బిందె.

"అమ్మా, నువ్వు గూడా ఇట్ల చేస్తే ఎట్ల? నా పరువు పోతాది."

"మా గొంతులు ఎండిపోతే రాని బాధ నీ పరువు పోతే వచ్చిందా? మీ సార్‌కు ఫోన్ చెయ్యి. బస్సు ఆగింది, బండ్లు ఆగినయి, బిందెలు కదలవంట అని చెప్పు."

నరేష్ ఫోన్ చేశాడు. అవతల ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. పెళ్ళిలో సన్నాయి గోల మధ్య ఎవరో ఎత్తి, తర్వాత చెయ్యమని పెట్టేశారు.

కరుణమ్మ లేచింది. ఇవాళ శనివారం. తెల్లవారితే ఆదివారం, ఎలీషబా పెట్టిన గడువు. వచ్చే వారం సార్ వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే, అప్పటికి బ్లెస్సీ గిద్దలూరులో భయపడుతూనే బిడ్డను కంటుంది. కరుణమ్మ కొంగు నడుముకు బిగించి, వాల్వు గుంట దగ్గర కూర్చున్న తిమోతి దగ్గరకు పోయింది. తిమోతి ట్యాంకు చూసుకునే కుర్రాడు, ఆమె అక్క కొడుకే. వాల్వు తిప్పే ఇనపరాడ్డు వాడి ఒళ్ళో ఉంది.

"చిన్నమ్మా, నన్ను అడగబాక. నా ఉద్యోగం పోతాది" అన్నాడు ఆమె నోరు తెరవక ముందే.

"నిన్నెవురు అడిగినారు. పొద్దున్నుంచి ఏమన్నా తిన్యావా? పో, ఇంటికి పోయి అన్నం తినిరా. ఆ రాడ్డు మొయ్యడమెందుకు, ఈడనే పెట్టిపో."

తిమోతి ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత రాడ్డును గోడకు ఆనించి, తువ్వాలు దులుపుకొని, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటిదారి పట్టాడు. జీవితంలో ఎప్పుడూ వాడు అంత వేగంగా అన్నానికి పోయి ఉండడు.

నరేష్ అడ్డం వచ్చాడు. "వద్దత్తా. గవర్నమెంటు ఆస్తి అది. కేసు పెడతారు."

"పెట్టమను. పేరు కరుణమ్మ, మొగుని పేరు యోసేపు, కిందిపేటలో చర్చి పక్కిల్లు. వాళ్ళకు తెలియకుంటే నువ్వే తోడొచ్చి చూపియ్యి."

"అది కాదత్తా..."

"ఏది కాదు నాయనా?" ఆమె గొంతు పెద్దది కాలేదు, కాని వరసలో చివరిదాకా వినబడింది. "మీటింగు ఉందంటే పని మానుకొని బస్సెక్కినాము. నల్లచీర కట్టుకోగూడదంటే మార్చుకున్యాము. చప్పట్లు కొట్టమంటే కొట్టినాము. మా మామ చచ్చిపోతే శవపెట్టె కంటే ముందు మీ ఫ్లెక్సీ వచ్చె, దాంట్లో మా మామ బొమ్మ కంటే మీ సార్ బొమ్మ పెద్దగుండె. దానికీ ఊరుకున్యాము. ఇప్పుడు నా బిడ్డ కాన్పు యాడ కావాల్నో గూడా మీ సార్ తీరికను బట్టే ఉండాల్నంటే మాత్రం నేను ఒప్పుకోను. పక్కకు జరుగు."

నరేష్ జరిగాడు. అతనికి ఆ ఫ్లెక్సీ వేయించింది తనేనన్న సంగతి గుర్తొచ్చి ఉంటుంది.

కరుణమ్మకు భయం లేదని కాదు. గోడకు ఆనించిన రాడ్డు ఎత్తింది. ప్రభువా, ఇది దొంగతనం కిందికి రాదు గదా అని మనసులో ఒకసారి అడిగింది. జవాబు కోసం ఆగకుండా రాడ్డును వాల్వు మీద దించి తిప్పింది. అది బిగుసుకుపోయి ఉంది. శరీరం బరువంతా వేసినా కదల్లేదు. వెనక నుంచి ఇంకో రెండు చేతులు వచ్చి రాడ్డును పట్టుకున్నాయి. సరస్వతమ్మ.

"ఊ, పట్టు వదినా" అంది కరుణమ్మ.

ఇద్దరూ పళ్ళు బిగించి తిప్పారు. గొట్టంలో గాలి దగ్గింది. కొళాయిలు ఒకటొకటే తుప్పునీళ్ళు ఉమ్మి, ఎర్రగా కారి, కొంచెంసేపటికి తెల్లటి ధార పట్టాయి. వరసలో ఎవరో ఏడ్చారు, ఎవరో నవ్వారు. కరుణమ్మ తన కొళాయికి కట్టిన రిబ్బను కత్తిరించలేదు. ముడి జాగ్రత్తగా విప్పి, మడిచి, నరేష్ చేతిలో పెట్టింది.

"ఇది మీ సార్‌ది. భద్రంగా ఇయ్యి. దీంతో మాకేం పని లేదు."

మిగతా కొళాయిల రిబ్బన్లు కూడా అట్లాగే విప్పి అతని చేతికే ఇచ్చారు. ఆ తర్వాత ఆ మధ్యాహ్నం ఒక పండగ. బిందె నిండేది, ఎత్తేవాళ్ళు, వెనకది ముందుకు జరిగేది. రోడ్డు మీది బిందెలు కదిలి దారి వచ్చింది గాని బస్సు వెంటనే పోలేదు. ప్రయాణికులు దిగి సీసాలు పట్టుకున్నారు, డ్రైవరు ముఖం కడుక్కున్నాడు. బిందె దించినవాళ్ళు డ్రమ్ములు తెచ్చారు, డ్రమ్ములు నిండినవాళ్ళు పెళ్ళిళ్ళలో అన్నం వండే గుండిగలు తెచ్చారు. యోసేపు ఎవరూ చెప్పకుండానే కావడి కట్టుకొని ఇంటికీ కొళాయికీ మధ్య తిరిగాడు. తిమోతి అన్నం తిని వచ్చి, ఎవరు తిప్పారో తనకేమీ తెలియదన్నట్టు ముఖం పెట్టి, లీకవుతున్న ఒక కొళాయికి దారం చుట్టాడు.

పొద్దు వాలుతుండగా సార్ రానే వచ్చాడు. కొళాయిల వీడియో ఎవరో ఫోన్లలో పెట్టారు, పెళ్ళిలో ఆయన పక్కన కూర్చున్నవాళ్ళే ఆయనకు చూపించారు. ముందు రెండు కార్లు, వెనక రెండు కార్లు, దుమ్ము. దిగి, రిబ్బన్లు లేని కొళాయిలను చూశాడు. ఆయన ముఖం ఒక్క క్షణం మాడింది గాని కెమెరాలు ఉన్నచోట ఆయనకు కోపం రాదు, అది అలవాటైపోయింది.

"సంతోషం. నా ప్రజల సంతోషమే నాకు కావాలి. ఇప్పుడు నేనే స్వయంగా ఒక బిందె పట్టి ఒక తల్లి నెత్తి మీద పెడతాను. ఒక ఖాళీ బిందె తీసుకురండయ్యా" అన్నాడు.

అప్పుడే కరుణమ్మ తన ఇత్తడి బిందెను ఆఖరుసారి నింపుకుంటోంది. సార్ వెంట వచ్చిన మనిషి ఒకతను ఆమె దగ్గరకు వచ్చాడు. "ఏమ్మా, బిందె బాగా మెరుస్తోంది. ఆ నీళ్ళు పారబొయ్యి, సార్ మళ్ళీ పడతారు. ఒక్క ఫోటో."

కరుణమ్మ అతని వంక చూసింది. పారబొయ్యమన్నాడు. నీళ్ళు పారబొయ్యమనే మాట ఆ ఊళ్ళో ఎవరి నోటా ఎప్పుడూ రాలేదు. ఆమెకు కోపం కూడా రాలేదు, ఇలాంటి మనుషులు కూడా ఉంటారా అని జాలి వేసింది.

"పారబొయ్యను నాయనా. నా బిడ్డ కాన్పుకు వస్తాంది" అని చెప్పి, బిందె చంకకెత్తుకొని, సార్ పక్కనుంచే నడిచి పోయింది.

సార్ వెంట వచ్చినతను ఇంకొక ఆమె వైపు తిరిగాడు. ఆమె బిందె మీద కొంగు కప్పింది. సరస్వతమ్మ అయితే తన బిందెను రెండు చేతులతో పొదివి పట్టుకుంది. చివరికి సార్ నరేష్‌ను పిలిచి, ఊళ్ళోకి పోయి ఒక ఖాళీ బిందె వెతుక్కురమ్మన్నాడు.

కరుణమ్మ ఇంటికి వచ్చి బిందె దించి, ఇల్లంతా సర్దుకొని, చీకటి పడ్డాక కూర్చోబోతుంటే ఫోన్ మోగింది. ఎలీషబా. ఫోన్ చెవికి పెట్టుకుందో లేదో గుమ్మంలో నరేష్ కనబడ్డాడు. తెల్ల చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. పైవీధి మొత్తం తిరిగి, కిందిపేట మొత్తం తిరిగి ఆఖరి ఇంటికి వచ్చాడు.

"అత్తా, ఒక ఖాళీ బిందె ఉందా?"

ఆమె లోపలికి చెయ్యి చూపించింది. గోడవారగా బిందెలు, నీలం డ్రమ్ము, స్నానాల బకెట్లు, అన్నం గిన్నెలు, కుక్కరు, కడకు టీ గ్లాసులు కూడా యోసేపు నింపి పెట్టాడు. మధ్యలో కొత్తగా నులక బిగించిన మంచం. నరేష్ అవన్నీ చూసి గడప మీద కూలబడ్డాడు. పొద్దున్నుంచి అతనూ ఏమీ తాగలేదు. కరుణమ్మ ఫోన్ చెవి దగ్గర అట్లాగే పట్టుకొని ఒక గ్లాసు తీసి అతని చేతికిచ్చింది. గటగటా తాగేశాడు.

"వదినా, వింటాండావా? నీళ్ళు వచ్చినాయంట గదా, నిజమేనా?" అంటోంది ఎలీషబా. "మాకు ఎవురో వీడియో పంపినారు. ఈ నాయకుల మాటలు, వీడియోలు నేను నమ్మను. నువ్వు చెప్పు."

కరుణమ్మ జవాబు చెప్పబోయేంతలో నరేష్ ఫోన్ మోగింది. అతను ఎత్తి, అలసిపోయిన గొంతుతో చెప్పాడు.

"లేదు సార్. అన్ని ఇండ్లూ చూసినా సార్. ఊళ్ళో ఖాళీ బిందె ఒక్కటి గూడా లేదు సార్."

ఆ మాట ఫోన్లో అవతల ఎలీషబా చెవిన కూడా పడింది. వెంటనే అంది.

"ఆరాధన అయిపోతానే బయల్దేరతాం వదినా. రేపు సాయంత్రం బండికి మార్కాపురం స్టేషన్ కాడికి ఆటో తీసుకొని రా."